నీటి చిట్టా

నీళ్లలోకి దిగిన మనిషికి తానెంత లోతున ఉన్నాడో తెలియదు. మొదట్లో చెవులు చెబుతాయి. రెండు మీటర్లు దిగేసరికి గూబల్లో ఒత్తిడి మొదలవుతుంది. ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదితే చెవి టప్పుమని విడుస్తుంది. ఆ తర్వాత చెవుల గొడవ తగ్గుతూ పోతుంది. నీటి మట్టం దగ్గర ఒక వాతావరణ పీడనం ఉంటే 10 మీటర్ల దగ్గర అది రెండవుతుంది. మళ్లీ రెట్టింపు కావాలంటే 30 మీటర్లకు దిగాలి. ఒంటికి తెలిసే మార్పంతా పైపైనే అయిపోతుంది. అసలు లోతుకు వెళ్లాక ఒళ్లు పెద్దగా ఏమీ చెప్పదు. పోనీ కళ్లను నమ్ముదామంటే, మాస్కు గాజు వెనక నుంచి చూసే ప్రతి వస్తువూ ఉన్నదానికన్నా దగ్గరగా, పెద్దగా కనిపిస్తుంది. మన తీరంలో నీరు కలకబారిన రోజున పై ఏదో కింద ఏదో తెలియక, వదిలిన బుడగలు ఎటు పోతున్నాయో చూసి దిక్కు తేల్చుకోవాల్సి వస్తుంది.

ఆ తెలియకపోవడం నన్ను పట్టుకుంది. నాది అనకాపల్లి. ఊరిని ఆనుకుని సముద్రం లేదు. శారదా నది ఉంది, బెల్లం ఉంది. బెల్లం మార్కెట్లో, చుట్టుపక్కల కొట్లలో ఎలక్ట్రానిక్ కాటాలు బాగుచేయడం నా బతుకుతెరువు. కాటా పళ్లెం కింద లోడ్ సెల్ అని ఒక లోహపు ముక్క ఉంటుంది. బరువు పడితే అది కంటికి ఆననంత వంగుతుంది, లోపలి సర్క్యూట్ ఆ వంపును అంకెగా మారుస్తుంది. నీటి లోతు చెప్పే సెన్సర్ చేసే పనీ ఇంతే. దానికి లోతు తెలియదు, నెత్తిన ఎంత నీరు నిలబడి ఉందో తూస్తుంది. విశాఖలో రుషికొండ దగ్గర స్కూబా డైవింగ్ నేర్చుకుంటున్న రోజుల్లో ఈ సంగతి తట్టింది. రోజంతా బెల్లం తూచే యంత్రాలతో గడిపేవాణ్ణి, సముద్రాన్ని తూచే యంత్రం ఒకటి ఇంట్లో కట్టుకోలేనా అనుకున్నాను.

బజారులో దొరకక కాదు. డైవింగ్ చేసేవాళ్ల మణికట్టుకు డైవ్ కంప్యూటర్ ఉంటుంది. 1980ల నుంచి అందుబాటులోకి వచ్చిన ఈ పరికరం లోతును, సమయాన్ని చూసి ఇక పైకి రమ్మనీ, మెల్లగా రమ్మనీ, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగమనీ చెబుతుంది. దాని వెనక జాన్ స్కాట్ హాల్డేన్ అనే శాస్త్రవేత్త మేకల మీద చేసిన పరీక్షలున్నాయి. లోతున పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలోకి, కొవ్వులోకి కరుగుతుంది. తొందరపడి పైకొస్తే అదే బుడగలై కీళ్లను, వెన్నుపామును పట్టుకుంటుంది. ఎంత లోతున ఎంతసేపు ఉన్నవాడు ఎక్కడెక్కడ ఆగుతూ రావాలో 1908లో ఆయన పట్టికలు వేశాడు. ప్రాణాలతో పని కాబట్టి ఆ లెక్కను ఇంట్లో టంకం పెట్టి అతికించిన డబ్బాకు ఎవరూ అప్పగించకూడదు. నేనూ అప్పగించలేదు. కొన్న కంప్యూటర్ మణికట్టుకే ఉంటుంది. నేను కట్టుకున్నది గాలి నింపుకునే డైవింగ్ జాకెట్ కొక్కేనికి వేలాడుతూ, ఎవరికీ ఏమీ చెప్పకుండా, సెకనుకొక వరస రాసుకుంటూ పోతుంది. దానికి తెర లేదు, మోగే గంటా లేదు.

ఏం రాయాలన్నదే మొదటి ప్రశ్న. లోతు రాయాలి అనిపిస్తుంది ఎవరికైనా. కానీ సెన్సర్‌కు అందేది పీడనం. దాన్ని లోతుగా మార్చాలంటే నీరు ఎంత బరువైనదో ముందే ఒప్పుకోవాలి. మంచినీరు ఘనపు మీటరుకు ఇంచుమించు 1000 కిలోలు, మామూలు సముద్రపు నీరు 1025. యూరప్ ప్రమాణం ప్రకారం చేసిన డైవ్ కంప్యూటర్లు మధ్యేమార్గంగా 1020 అనుకుంటాయి. మన బంగాళాఖాతం ఈ అంకెల్లో దేనికీ కట్టుబడి ఉండదు. వానాకాలం వెళ్లాక గంగ, బ్రహ్మపుత్ర, మహానది తెచ్చిన మంచినీరు తీరం వెంబడి దక్షిణానికి దిగుతుంది. అక్టోబరు, నవంబరుల్లో మన దగ్గర పైపొర ఉప్పు తగ్గి తేలికవుతుంది. ఒకే పీడనం వేసవిలో ఒక లోతు, కార్తికంలో ఇంకో లోతు. 20 మీటర్ల దగ్గర తేడా ఒక జానెడు ఉండొచ్చు. ప్రాణం మీదికి తెచ్చే తేడా కాదు. కానీ లోతు అని రాసేసిన క్షణాన నేను కొలవని ఒక ఊహను కొలిచినదానితో కలిపి రాసినట్టే. ఆ రెండూ ఒకసారి కలిశాక విడదీయడం కష్టం. అందుకని నా పెట్టె టైము, పీడనం, నీటి వేడి, ఈ మూడే రాస్తుంది. లోతు అన్నది తర్వాత, ఇంటికొచ్చి, ఆ రోజు నీరు ఎలాంటిదో తెలుసుకున్నాక వేసుకునే లెక్క.

ఈ పద్ధతి నేను కనిపెట్టిందేమీ కాదు, మా బజారుదే. కంప్యూటర్లు రాకముందు బెల్లం కొట్లలో గుమస్తాలు రెండు పుస్తకాలు రాసేవారు. చిట్టాలో ఏ రోజు జరిగింది ఆ రోజు, జరిగిన వరసలో పడేది. రైతు పేరు, దిమ్మల లెక్క, తూకం, ఇచ్చిన రొక్కం అన్నీ అందులోనే. సాయంత్రమో మర్నాడో తీరిగ్గా కూర్చుని వాటిని ఆవర్జాలోకి ఎక్కించేవారు. ఎవరి ఖాతా వారిది, ఎవరు బాకీ, ఎవరికి బాకీ అన్నది అక్కడ తేలేది. చిట్టాలో తప్పు పడితే చెరపకూడదు, కొట్టివేసి పక్కన రాయాలి. తూకం వేసే కొలగారు కేకేసిన అంకెను గుమస్తా తన అభిప్రాయం కలపకుండా దింపాలి. ఆ రైతు మీద కోపమున్నా సరే, ఆ బెల్లం రంగు నచ్చకపోయినా సరే. తీర్పులన్నీ ఆవర్జాకు. మనుషులు తమ రోజుల్ని తలుచుకునే తీరు చూస్తే నాకు ఆ గుమస్తాలే గుర్తొస్తారు. మనలో చాలామందికి చిట్టా లేదు. నేరుగా ఆవర్జా రాసేస్తాం. "ఈ ఏడాది ఏమీ కలిసిరాలేదు", "వాడు మొదట్నుంచీ అంతే". ఏ తేదీన, ఏ మాటకు, ఎంత అని అడిగితే పుస్తకం తెరవడానికి ఉండదు.

ఇప్పుడు చేతి గడియారాలు కూడా అలాగే తయారయ్యాయి. పొద్దున లేవగానే నిద్రకు మార్కులు వేస్తాయి. రాత్రి ఏం జరిగిందో చెప్పవు, ఎలా పడుకున్నావో తీర్పు చెబుతాయి. ఆ మార్కు చూశాక, బాగానే ఉన్న మనిషికి కూడా ఒళ్లు బరువెక్కుతుంది. నాకైతే పనికిమాలిన యంత్రాల్లో వీటికే మొదటి పీట.

పెట్టె సంగతికొస్తాను. సెన్సర్ పేరు ఎంఎస్ 5837. చిటికెన వేలి గోరుమీద పడుతుంది. నడుమ చిన్న గుండ్రటి లోహపు మూతి, అందులో తెల్లటి జెల్. నీరు ఆ జెల్‌ను నొక్కితే దాని కింద పలచటి సిలికాన్ పొర వంగుతుంది. 30 బార్ల రకమైతే 300 మీటర్ల వరకు తట్టుకుంటుంది, 2 మిల్లీమీటర్ల నీటి మార్పును కూడా పట్టుకుంటుంది. గ్లాసులో నీళ్లు పోసి అందులో పెట్టి ఇంకో గుక్కెడు నీరు కలిపితే అంకె కదులుతుంది. ఏ రెండు సెన్సర్లూ ఒకలా ఉండవు కాబట్టి ఫ్యాక్టరీలో ప్రతిదాన్నీ పరీక్షించి దాని తత్వాన్ని ఆరు అంకెలుగా దాని కడుపులోనే రాసి పంపుతారు. ఆన్ చేయగానే ముందు ఆ ఆరూ చదవాలి. ఆ పైన వచ్చే పచ్చి అంకెకు, వేడికి తగ్గట్టు, సవరణ చేయాలి. వేడి మారితే సిలికాన్ మాట మారుస్తుంది. దీనికి తోడు చిన్న ఆర్డుయినో బోర్డు ఒకటి, టైము చెప్పే చిప్పు, మెమరీ కార్డు, పెన్సిల్ సెల్స్. నలభై నిమిషాల డైవ్‌కు 2400 వరసలు పడతాయి. 8 జీబీ కార్డు నిండాలంటే రోజుకొక డైవ్ చొప్పున నాలుగు వందల ఏళ్లకు పైగా దిగుతూ ఉండాలి. స్థలానికి కొదవ లేదు, ఆయుష్షుకే.

ఎలక్ట్రానిక్స్ తేలిక, గుల్ల కష్టం. చెరకు గానుగల రోలర్లు సాపు చేసే లేత్ ఒకటి మా వీధి చివర ఉంది. అక్కడ నైలాన్ కడ్డీని తొలిపించి గొట్టం చేయించాను. మూత పట్టే చోట ఓ-రింగ్ కూర్చోడానికి గాడి పెట్టాలి. గాడి ఎక్కువ లోతైతే రింగు నలగదు, నీరు దూరుతుంది. తక్కువైతే మూత పట్టదు, బలవంతం చేస్తే రింగు తెగుతుంది. రింగు మందంలో అయిదో వంతు నలిగేలా ఉండాలి. టర్నర్ గాడి కోసి, బొటనవేలి గోరును దాని అంచు మీద చుట్టూ తిప్పాడు. ఒకచోట ఆగి, ఏమీ మాట్లాడకుండా మళ్లీ లేత్‌కు బిగించి అతి సన్నగా ఇంకో చుట్టు తీశాడు. నా వెర్నియర్‌కు ఆ చోట ఏ తేడా దొరకలేదు. ఆయన గోటికి దొరికింది.

ఓ-రింగ్ గుణం ఒకటి చెప్పాలి. నీటి ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ రబ్బరు సందులోకి మరింత నొక్కుకుని గట్టిగా మూస్తుంది. లీకైతే ఎక్కువగా పైనే, మోకాటి లోతులోనే, ఒత్తిడి ఇంకా చాలనప్పుడే. మూత పెట్టేముందు రింగును బయటికి తీసి, తుడిచి, పలచగా సిలికాన్ గ్రీజు రాసి, దీపానికి ఎదురుగా పట్టుకుని చుట్టూ తిప్పి చూడాలి. ఒక్క వెంట్రుక, ఒక్క ఇసక రేణువు, తుడిచిన గుడ్డ నుంచి ఊడిన ఒక్క పోగు చాలు. ఈ పని రాత్రిపూట, ఇంట్లో అందరూ పడుకున్నాక చేస్తాను. అప్పుడు ఫోను వేరే గదిలో ఉంటుంది. దీన్ని ధ్యానం అనేవాళ్లుంటారు, నేను అనను. రింగు తుడవడం రింగు కోసమే. కానీ చేసే పనికి అంతకన్నా పెద్ద పేరు అక్కర్లేని అరగంట రోజులో ఒకటుంటే మంచిదని మాత్రం తెలిసింది.

సముద్రానికి ముందు నుయ్యి. మేనమామగారి పొలంలో రాతికట్టు నుయ్యి ఉంది, వేసవి మొదట్లో కూడా నిండుగానే ఉంటుంది. పెట్టె తేలిపోతుంది కాబట్టి దానికి పాత ఇనప తూకపు రాయి కట్టాను. ఎలక్ట్రానిక్ కాటాలొచ్చాక కొట్లలో మూల పడిన రాళ్లవి, తూనికలు కొలతల శాఖ ముద్రలు ఇంకా వాటి సీసం మీద కనిపిస్తాయి. తాడు మీద నమ్మకం పెట్టుకోలేదు. నూలు తాడు తడిస్తే కురచబడుతుంది, నైలాన్ తాడు సాగుతుంది. ఇళ్ల స్థలాలు కొలిచే ఫైబర్ టేపు దింపాను. 8 మీటర్ల దగ్గర అయిదు నిమిషాలు ఉంచి తీసి చూస్తే, గాలి పీడనం తీసేశాక దాదాపు 780 మిల్లీబార్లు. నుయ్యి నీటి లెక్కన సరిగ్గా అంతే రావాలి. సముద్రపు నీటి లెక్క వేసుంటే అదే అంకె 8 మీటర్లను 7.8కి కాస్త తక్కువగా చూపించేది. ఏది ఎక్కడి నీరో మరిచిపోయినవాడికి యంత్రం ఎంత సరైనదైనా జానెడు తప్పు ఖాయం.

ఈ తీరంలో ఇలా రాసుకునే పరికరాన్ని నీళ్లలోకి దింపినవాళ్లలో మొదటివాణ్ణి అనుకోవడానికి లేదు. 1950ల తొలి సంవత్సరాల్లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికా సముద్ర శాస్త్రవేత్త వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర అధ్యయనానికి పునాది వేశాడు. ఆ కాలపు సముద్ర పరిశోధకుల చేతిలో ఉండే ముఖ్యమైన పనిముట్టు బాతీథెర్మోగ్రాఫ్. 1930ల చివర ఆథెల్స్టన్ స్పిల్‌హాస్ దానికి రూపమిచ్చాడు. మొలబంటి కూడా లేని ఇత్తడి గొట్టం, అందులో పొగ పట్టించిన చిన్న గాజు పలక. నీటి ఒత్తిడి ఒక ముడత గొట్టాన్ని నొక్కితే పలక ఒక దిశలో జరుగుతుంది, నీటి వేడి మారితే సూది ఇంకో దిశలో కదులుతుంది. ఓడ నుంచి వైరు మీద దింపి లాగితే మసి మీద ఒక సన్న గీత మిగులుతుంది. బ్యాటరీ లేదు, చిప్పు లేదు. గీత ఏమంటోందో ఓడ మీద ఎవరికీ అక్కడికక్కడ తెలియనక్కర్లేదు. తర్వాత బల్ల దగ్గర భూతద్దం పెట్టి చదువుకోవచ్చు.

మార్చి, ఏప్రిల్ నెలల్లో తీరం వెంబడి వీచే నైరుతి గాలి పైనీటిని సముద్రం లోపలికి తోసేస్తే, అడుగున ఉన్న చల్లటి నీరు ఒడ్డు దగ్గర పైకి ఉబుకుతుందని వాల్తేరు తీరం గురించి లాఫాండ్ ఆ రోజుల్లోనే రాశాడు. ఎండాకాలం మొదట్లో సముద్రస్నానం చేసి నీళ్లు వింతగా చల్లగా ఉన్నాయే అనుకున్నవాళ్లందరికీ జవాబు అందులో ఉంది. తీరానికి అవతల సముద్రం అడుగున ఉన్న లోయలకు ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టి 1964లో ప్రచురించిందీ ఆయనే. మహాదేవన్ అంటే ఇదే విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం చెప్పిన ఆచార్యుడు సి. మహాదేవన్. విశాఖలో రోజూ బీచికి వెళ్లేవాళ్లలో ఎందరికి తెలుసు, ఈ సముద్రం అడుగున మన ఆచార్యుడి పేరుతో ఒక లోయ ఉందని?

రుషికొండ నుంచి పడవ మీద వెళ్లి దిగినప్పుడు పెట్టె రాసిన గీతను మొదటిసారి ఇంట్లో తెర మీద పరిచి చూసుకున్నాను. దూరం నుంచి చూస్తే ఏముంది, దిగుడు, ఒక మట్టం, ఎక్కుడు. దగ్గరికి లాగి ఒక నిమిషాన్ని తెరంత చేశాను. అక్కడ గీత తిన్నగా లేదు. ఆరేడు సెకన్లకొకసారి జానెడు లేస్తోంది, జానెడు దిగుతోంది. అది నా ఊపిరి. గాలి పీలిస్తే ఊపిరితిత్తులు నిండి మనిషి కాస్త తేలతాడు, వదిలితే కాస్త మునుగుతాడు. దాని మీద ఇంకో కదలిక కలిసి ఉంది, దానికన్నా నెమ్మది, పది సెకన్ల దరిదాపుల్లో. మొదట అర్థం కాలేదు. లంగరు తాడు పట్టుకుని ఆగిన నిమిషం దగ్గరికి వెళ్లి చూశాను. అక్కడ ఊపిరి కదలిక పోయింది, ఆ నెమ్మది కదలిక మాత్రం ఉంది. అది పైన వెళ్తున్న అల. అల కింద నీటి కదలిక లోతుకు పోయేకొద్దీ సన్నగిల్లుతుంది గాని, ఎక్కడో దూరాన పుట్టి వచ్చిన పొడవాటి అలైతే 10 మీటర్ల కింద కూడా సెన్సర్‌కు తెలుస్తుంది. నేను దాన్ని అక్కడ చూడలేదు, ఒంటికీ తెలియలేదు. అది నా మీదుగా వెళ్లిపోయి ఒడ్డున విరిగి ఉంటుంది.

నాకు నేర్పిన ఆయన గీతను చూసి ఊపిరి దగ్గరే ఆగాడు. పాతికేళ్లుగా దిగుతున్న మనిషి. ఆయన జేబులో పెట్టె పెట్టి పంపితే వచ్చిన గీతలో ఆ ఎగుడుదిగుళ్లు నావాటిలో సగం కూడా లేవు. పొడవుగా, లోతుగా, తొందర లేకుండా పీల్చి వదులుతాడు. గాలి తక్కువ ఖర్చవుతుంది, మట్టం చెదరదు, చేపలు బెదరవు. ఎలా వచ్చిందని అడిగితే, "ఏమో, అక్కడ చెయ్యాల్సిన పనేమీ లేదని తెలిశాక వచ్చింది" అన్నాడు.

నా గీతలో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది మొదటి మూడు మీటర్లు. భయం లోతులో ఉంటుందనుకుంటాం. 15 మీటర్ల దగ్గర నా గీత బుద్ధిగా ఉంది. అల్లకల్లోలమంతా నీటి మట్టం కింద ఆ కొద్దిపాటి మేరలో. దిగి, తేలి, మళ్లీ దిగి, ఆగి. దిగకముందు పుట్టిన భయమే ఇలా గీతకెక్కిందని నేను వెంటనే తేల్చేయబోయాను. అలా ఒక మంచి వాక్యం కూడా తయారైంది. కానీ రాబర్ట్ బాయిల్ 1662లో చెప్పిన సూత్రం ఇక్కడ అడ్డొస్తుంది. పీడనం మారితే గాలి పరిమాణం మారుతుంది, ఆ మార్పు నీటి మట్టం దగ్గరే అన్నిటికన్నా ఎక్కువ. జాకెట్లో గాలి, ఊపిరితిత్తుల్లో గాలి అక్కడే జోరుగా ఉబ్బుతాయి, తగ్గుతాయి. మట్టం నిలుపుకోవడం ఆ మేరలో ఎవరికైనా కష్టమే. ఆ ఎగుడుదిగుళ్లలో భయం ఎంత, బాయిల్ ఎంత? 2400 వరసలు తిరగేసినా అది తేలదు. ఆ రోజు నాకు భయం వేసిందన్నది నిజం, గీత ఎగుడుదిగుడుగా ఉందన్నదీ నిజం. ఒకదానికి ఇంకొకటి కారణమని మాత్రం చిట్టాలో లేదు. జీవితంలో నేను చాలా తేలిగ్గా కట్టుకున్న కారణాలు కొన్ని ఆ రాత్రి గుర్తొచ్చాయి. ఎవరో పలకరించకుండా వెళ్లిపోతే అది పొగరని, ఎవరింట్లోనో పెళ్లికి పిలుపు రాకపోతే అది చిన్నచూపని ఖాతాలు తెరిచి ఎక్కించుకున్నవి.

అదే గీతలో 12 మీటర్ల దగ్గర ఒక నిమిషం పాటు నేను కదలకుండా ఉన్నట్టుంది. రాతి సందులోంచి ఈల్ ఒకటి నోరు తెరుస్తూ మూస్తూ నన్ను చూసింది అప్పుడే. దాని దవడ కింది చర్మం మీద నల్లటి చుక్కలున్నాయి. పెట్టెకు ఇదేమీ తెలియదు. 2200 చిల్లర మిల్లీబార్లు, 27 డిగ్రీలు, అంతే.

సముద్రాన్ని తూచి రాసుకునే పెట్టె నాదొక్కటే కాదు. హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ ఉంది, సునామీ హెచ్చరికలు ఇచ్చే సంస్థ. బంగాళాఖాతంలోనూ హిందూ మహాసముద్రంలోనూ తిరిగే ఆర్గో ఫ్లోట్లలో మన దేశం వదిలినవాటి సంగతి చూసేది వాళ్లే. మనిషంత పొడవు గొట్టాలవి. 1000 మీటర్ల లోతున తొమ్మిది రోజులు కొట్టుకుపోతూ, పదో రోజున 2000 మీటర్లకు దిగి, అక్కణ్నుంచి పైకి వస్తూ దారంతా పీడనం, వేడి, ఉప్పు కొలిచి, నీటి మట్టం మీదికొచ్చి ఉపగ్రహానికి చెప్పి మళ్లీ మునుగుతాయి. ప్రపంచమంతా కలిపి అలాంటివి 4000 దాకా ఉన్నాయి. వాటి సెన్సర్లూ ఏళ్లు గడిస్తే దారి తప్పుతాయి. అందుకని పైకి వచ్చిన ప్రతిసారీ, గాలిలో ఉండగా, పీడనం సున్నా చూపిస్తోందా లేదా అని నమోదు చేసుకుంటాయి. సున్నా ఎంత జరిగిందో తెలిస్తే ఆ డైవ్ లెక్కంతా అంత జరిపి చదవొచ్చు. మార్కెట్లో కళాసీ దిమ్మ ఎత్తకముందు నేను ఖాళీ పళ్లెం మీద సున్నా చూసుకునేది ఇందుకే. నా పెట్టె కూడా పడవ మీద రెండు నిమిషాలు ఖాళీగా గాలిని తూస్తుంది, బయటికొచ్చాక ఇంకో రెండు నిమిషాలు. ముందు సున్నా, తర్వాతి సున్నా ఒకలా లేకపోతే ఆ మధ్యదంతా జాగ్రత్తగా చదవాలి. ఇంట్లో గొడవపడి బయటికొచ్చిన రోజున నేను మనుషుల గురించి అనుకున్న మాటల్ని కూడా ఈమధ్య అలాగే చదువుకుంటున్నాను.

పూడిమడకలో తెలిసిన వాళ్లున్నారు. చేపల వేటకు పేరున్న ఊరు. ఒక సాయంత్రం ఇసకలో పడవ పక్కన కూర్చుని పెట్టె మూత తుడుస్తుంటే, వల బాగుచేసుకుంటున్న పెద్దాయన అడిగాడు.

"ఏటి బాబూ ఇది?"

"లోతు కొలిసేది తాతా. మీదున్న నీటిని తూస్తాది. ఆ బరువుని బట్టి లోతు లెక్కేసుకోవాల."

"అడుగున ఇసకో, బురదో, రాయో సెప్తాదా?"

"సెప్పదు."

"మరైతే సగం పనే సేసింది" అన్నాడాయన, వల మీంచి తల ఎత్తకుండా.

నాకు కోపం రాలేదు. ఇంతవరకు ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు. కాసేపాగి ఆయనే, వల కింది తాడుకు దీన్ని కట్టొచ్చా అని అడిగాడు. నీళ్లలో వల ఎంత దిగుతోందో ఆయన లెక్క ఆయనకుంది, పన్నెండు బారలని. చూద్దామన్నాను. మర్నాడు రాత్రి పెట్టె వేటకెళ్లింది, నేను ఇంట్లో ఉన్నాను. తెల్లవారి తీసుకొచ్చి ఇచ్చినప్పుడు దాని మీద పొలుసులు అంటుకుని ఉన్నాయి.

ఫైలులో వల ఇంచుమించు 22 మీటర్ల దగ్గర మొదలైంది. పన్నెండు బారలే. అర్ధరాత్రి దాటాక మెల్లగా లేచి 18 దగ్గర చాలాసేపు ఉండి, తెల్లవారగట్ల మళ్లీ దిగింది. వల ఎవరైనా లాగారేమో, ముడి జారిందేమో అని నేను అనుకుంటూ అంకెలు చదివి వినిపించాను. ఆయన టైము మాత్రం అడిగాడు. చెప్పాను.

"అప్పుడు దచ్చినం నుంచి నీరు జోరుగా లాగింది. వల పొట్టలా ఉబ్బి లేచిపోనాది. మళ్లీ లాగుడు తగ్గినాక దిగింది. అందుకే పడ్డ చేప అంతా మీద కన్నుల్లోనే ఉంది" అన్నాడు.

ఆ మాటలు తేదీ వేసి అంకెల పక్కన రాసుకున్నాను. ఆ ఫైలుకు ఇప్పుడు నాలుగో గడి ఒకటి వచ్చింది, మనుషులు చెప్పింది రాసేందుకు. డైవింగ్ దగ్గర పరిచయమైన ఇంజినీరింగ్ కుర్రాడొకడు దీనికి తెర పెడదామని, 18 మీటర్లు దాటితే గంట మోగేలా చేద్దామని చాలా రోజులుగా అడుగుతున్నాడు. నిజంగానే చేయగలడు. ఆ పని చేసే యంత్రం నా మణికట్టుకు ఉందని, అది నాకన్నా తెలివైనవాళ్లు చేసిందని చెప్పాను. అతనికి నచ్చలేదు. బహుశా అతను సొంతంగా ఒకటి కట్టుకుంటాడు, కట్టుకోవాలి కూడా.

పెద్దాయనకు మాత్రం గంటలూ తెరలూ అక్కర్లేదు. వలకు రెండు కొసలుంటాయి కదా, ఒక కొస కొలిస్తే రెండో కొస సంగతేమిటని అడిగాడు. ఇంకో పెట్టె కావాలట. సెన్సర్‌కు ఆర్డర్ పెట్టాను, నైలాన్ కడ్డీ ముక్క లేత్ దగ్గర ఉంది. ఈసారి తాడు వేసే కొక్కెం పెద్దది పెట్టమన్నాడు, మార్గశిరంలో రాత్రి చలికి వేళ్లు తిరగవని.